ఫౌజు మన తొవ్వల పోయింది, మనమెక్కడున్నం? (3వ భాగం)



మొన్న తెల్లారుజామున కోహీర్ రోడ్డు మీద ఇద్దరు పిల్లలు ఉరుకుతూ కనిపించారు. అగ్నివీర్ ర్యాలీకి తయారవుతున్నారట. ఒకడు ఆగి అడిగాడు: "అన్నా, రాజ్‌పుత్ రెజిమెంట్ ఉంది, మరాఠా ఉంది, మహర్ ఉంది. మన మాల మాదిగలకు ఎందుకు లేదే?"

జవాబు కోసం పుణె దాకా పోవాలి. సదరన్ కమాండ్ హెడ్‌క్వార్టర్స్ అక్కడే ఉంది.

కమాండ్ అంటే ఏమిటో ముందు రెండు ముక్కల్లో. మన సైన్యంలో ఏడు కమాండ్‌లున్నాయి. ఆరింటికి దేశాన్ని పంచి ఇచ్చారు, ఏడోది సిమ్లాలోని ట్రైనింగ్ కమాండ్. ఒక్కోదానికి ఒక లెఫ్టినెంట్ జనరల్ అధిపతి. కమాండ్ కింద కోర్‌లు, వాటి కింద డివిజన్లు, బ్రిగేడ్లు, బెటాలియన్లు. సదరన్ కమాండ్ కింద యుద్ధానికి కదిలే కోర్‌లు జోధ్‌పూర్‌లో, భోపాల్‌లో ఉన్నాయి. కదలకుండా నేలను అంటిపెట్టుకుని ఉండేవి ఏరియాలు, సబ్ ఏరియాలు. మనకు దగ్గరది సికింద్రాబాద్‌లోని తెలంగాణ, ఆంధ్ర సబ్ ఏరియా.

ఈ కమాండ్ తన పుట్టినరోజు 1895 ఏప్రిల్ 1 అని చెప్పుకుంటుంది. ఆ తేదీ దగ్గర కొంచెం ఆగుదాం.

అంతకు ముందు బెంగాల్, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలకు మూడు వేరు వేరు సైన్యాలుండేవి. 1895లో వాటిని ఒకటి చేసి నాలుగు కమాండ్‌లుగా విడగొట్టారు. పాత బొంబాయి సైన్యంలో మహర్లు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పేష్వా సేనతో కొట్లాడిన వాళ్లలో వాళ్లున్నారు. మద్రాసు సైన్యంలో పరయలు, తెలుగు అంటరాని కులాల వాళ్లు ఉండేవాళ్లు. కంపెనీ తొలినాళ్లలో మద్రాసు నుంచి బెంగాల్‌కు పోయిన సిపాయిలను చూసి ఉత్తరాది జనం సిపాయికే 'తిలంగా' అని పేరు పెట్టుకున్నారు. అంటే తెలుగువాడే సిపాయి!

ఆ తిలంగాలు కొన్నాళ్లకు 'యుద్ధానికి పనికిరాని జాతి' అయ్యారు. 1885 నుంచి 1893 దాకా సర్వసేనాని అయిన రాబర్ట్స్ దక్షిణాది వాళ్లు పిరికివాళ్లని నమ్మినవాడు. కొన్ని కులాలే వీర జాతులనే సిద్ధాంతం రాజ్యమేలింది. 1890ల మొదట్లో మహర్లకు భర్తీ మూసేశారు. కమాండ్‌లు పుట్టిన కాలమూ, మనల్ని గేటు బయటికి నెట్టిన కాలమూ ఒకటే. కమాండ్ చరిత్ర చెప్పేవాళ్లు మొదటి సంగతే చెబుతారు.

బాబాసాహెబ్ నాయన రాంజీ సక్పాల్ ఆ సైన్యంలో సుబేదారు. బాబాసాహెబ్ పుట్టింది మౌ కంటోన్మెంట్‌లో. ఫౌజు కొలువు మన వాళ్లకు జీతం ఒక్కటే కాదు, బడి కూడా. అందుకే 1894లో గోపాల్ బాబా వలంగ్కర్, 1910లో శివరాం జానబా కాంబ్లే భర్తీ తెరవమని అర్జీలు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం పడి 1917లో 111వ మహర్ పటాలం పెట్టారు, యుద్ధం అయ్యాక తీసేశారు. చివరికి 1941 అక్టోబర్ 1న బెల్గాంలో మహర్ రెజిమెంట్ లేచింది. అప్పటికి బాబాసాహెబ్ వైస్రాయ్ రక్షణ మండలిలో ఉన్నారు. చమార్ రెజిమెంట్‌ను 1943లో పెట్టి 1946లోనే రద్దు చేశారు.

మరి మనకెందుకు లేదు? నా అంచనా ఇది: మహర్లు పుణె పక్కనే ఉండి యాభై ఏళ్లు అడుగుతూనే ఉన్నారు. మన తాతలు నిజాం రయ్యతులు, వెట్టిలో ఉన్నారు. అర్జీ రాసుకునే చదువెక్కడిది? స్వాతంత్ర్యం వచ్చాక కులం పేరుతో కొత్త రెజిమెంట్లు పెట్టబోమన్నారు. పాతవి మాత్రం ఆ పేర్లతోనే ఉంచారు.

ఇక 1948. హైదరాబాద్ మీద దాడి పథకాన్ని సదరన్ కమాండ్ అధిపతిగా ఉన్నప్పుడు గొడార్డ్ గీశాడు. అమలు చేసింది ఆయన తర్వాత వచ్చిన రాజేంద్రసిన్హ్‌జీ. సెప్టెంబర్ 13న షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి బలగాలు నల్దుర్గ్, హుమ్నాబాద్ మీదుగా వచ్చాయి. 16న జహీరాబాద్ దగ్గర మందుపాతరలు తీసుకుంటూ, దాటి సుమారు 15 కిలోమీటర్లు పోయాయి. అంటే మా కోహీర్ దరిదాపులకే. 17న నిజాం లొంగిపోయాడు.

అప్పుడు జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో మెదక్‌లో కలిసింది. ఈ వివరం ఎందుకంటే, ఆ తర్వాత విచారించిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ ముస్లింలు ఎక్కువగా చచ్చిపోయిన నాలుగు జిల్లాల్లో బీదర్‌ను ఒకటిగా లెక్కగట్టింది. రాష్ట్రమంతా కలిపి 27 వేల నుంచి 40 వేల మంది అని దాని అంచనా. కొన్ని చోట్ల సైనికులకూ ఇందులో భాగముందని రాసింది. ఆ నివేదికను దశాబ్దాలు దాచారు.

మా నాయనమ్మ చెప్పేది: "ముందుగాల రజాకార్లకు బయపడి కందిచేన్ల దాసుకున్నం. ఎనకసిరి ఫౌజొచ్చింది. అప్పుడు సాయిబులు దాసుకున్నరు. మేం గడ్డివాములు సూపెట్టినం."

దళితులు ఆనాడు ఎటున్నారని అడిగేవాళ్లకు ఒక్క జవాబు లేదు. బి.ఎస్. వెంకట్రావు నిజాం సర్కారులో మంత్రి. బి. శ్యాంసుందర్ హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి పోయాడు. బాబాసాహెబ్ మాత్రం నిజాం పక్షం చేరొద్దన్నారు. ఊళ్లల్లో ఉన్నవాళ్లు మా నాయనమ్మ లెక్క గడ్డివాముల కాడ ఉన్నారు.

ఆ పిల్లలకు ఇందులో సగం కూడా చెప్పలేదు. 1600 మీటర్ల టైము చూసుకోవాలంటూ మళ్లీ ఉరికారు. వచ్చే భాగంలో జనరల్ చౌదరి మిలిటరీ గవర్నర్‌గా ఉన్న పదిహేను నెలల సంగతి.