పెళ్లి తారీఖు అడిగిన చట్టం

కాప్రాలో పొలాలు ప్లాట్లయిన కథ చెప్పమంటే చాలామంది 1967తో మొదలుపెడతారు. ఆ ఏడాది ఈసీఐఎల్ వచ్చింది, తర్వాత కాలనీలు, అపార్ట్‌మెంట్లు, 2007లో జీహెచ్‌ఎంసీ. నేనైతే 1985 సెప్టెంబర్ 5తో మొదలుపెడతాను. ఏ కూతురికి పిత్రార్జితంలో సమాన వాటా ఉందో, ఎవరికి లేదో తేల్చిన తారీఖు అది.

అంతకుముందు నడిచింది 1956 హిందూ వారసత్వ చట్టం. తండ్రి స్వార్జితంలో కూతురికీ సమానంగానే ఇచ్చింది, నిజమే. కానీ పిత్రార్జితంలో కొడుకు పుట్టుకతోనే భాగస్తుడు, కూతురు కాదు. తొమ్మిదెకరాలు, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, తల్లి లేదు అనుకుందాం. తండ్రి పోయాక ముందు తండ్రికీ కొడుకులకీ మూడేసి ఎకరాలని లెక్కకడతారు. ఆ తండ్రి మూడెకరాలే మళ్లీ ముగ్గురికీ పంచుతారు. కొడుకులకి నాలుగేసి, కూతురికి ఒకటి. ఇల్లయితే మరీ ఘోరం. 23వ సెక్షన్ ప్రకారం మగవాళ్లు పంచుకుందాం అనుకునేదాకా ఆమె తన భాగం అడగడానికే లేదు.

ఎన్టీఆర్ ప్రభుత్వం దీన్ని మార్చింది. కూతురూ పుట్టుకతోనే హక్కుదారు అంది. 1986లో వచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచే వర్తించింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర మన తర్వాతే. అయితే ఒక మెలిక పెట్టారు: ఆ తారీఖుకి ముందే పెళ్లైపోయిన కూతురికి ఇది వర్తించదు. అంటే 1985 వేసవిలో పెళ్లైన అక్కకి లేదు, మరుసటేడు పెళ్లైన చెల్లెలికి ఉంది. కొడుకుని మాత్రం పెళ్లెప్పుడైందని ఎవరూ అడగలేదు.

"కట్నం ఇచ్చాంగా" అనే మాటే ఈ మెలిక వెనక ఉందని నా అనుమానం. కట్నం 1961 నుంచీ నేరం. నేరాన్ని వాటా కింద జమకట్టుకోవడం మనకే చెల్లింది! పైగా ఆ డబ్బు వెళ్లేది అత్తింటికి.

2005లో కేంద్రం పెళ్లి షరతుకి చోటు లేకుండా చేసింది, 23వ సెక్షన్నీ ఎత్తేసింది. కానీ 2004 డిసెంబర్ 20కి ముందు జరిగిన అమ్మకాల్నీ పంపకాల్నీ కదపలేదు. కాప్రాలాంటి చోట ఇదే అసలు దెబ్బ. చాలా భూమి అప్పటికే చేతులు మారింది. సవరణ నాటికి తండ్రి బతికుండాలా అన్న తగువు వినీతా శర్మ కేసుదాకా సాగింది. అక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది.

వాటా లేకపోతే ఏమవుతుంది? తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. ఏ ఆస్తీ లేని స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు తిన్నామన్నారు. ఇల్లూ భూమీ రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. వెళ్లడానికి సొంత చోటుందని ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు.

మరి హక్కొచ్చాక కూడా ఎందుకు వదులుకుంటారు? అమ్మానాన్నా పోయాక పుట్టిల్లంటే అన్నదమ్ముల ఇల్లే. పండక్కి పిలుపు, చీరె సారె, కష్టమొస్తే తలదాచుకోను ఒక గది, అన్నీ వాళ్ల చేతుల్లో ఉంటాయి. వాటా అడిగితే ఆ గడప మూసుకుంటుందని భయం. ఇప్పుడు కొనేవాళ్ల లాయర్లు కూతుళ్ల సంతకాలు కావాలంటున్నారు కాబట్టి, ఎన్నడూ పలకరించని తమ్ముళ్లు కూడా కాగితాలు పట్టుకుని అక్కల ఇళ్లకి వస్తున్నారు. ఈ మధ్య ఒక ఫ్లాటు లింక్ డాక్యుమెంట్లు తిరగేస్తుంటే అలాంటి హక్కు విడుదల పత్రం ఒకటి కనిపించింది. ప్రతిఫలం రాయాల్సిన చోట అంకె లేదు. "ప్రేమాభిమానములచేత" అని రాసి, కింద వేలిముద్ర వేయించారు.