డౌన్‌లోడు తెగకుండ వెబ్ సర్వరును పునఃప్రారంభించుట

పెద్ద ఫైలును ఇంటర్నెట్టునుండి దించుకొనునపుడు ఒకే కనెక్షను చాలసేపు తెరచియుండవలెను. సెకనుకు 2 మెగాబిట్ల వేగమున 900 మెగాబైట్ల ఫైలు వచ్చుటకు ఒక గంట పట్టును. ఆ గంటలో అవతల సర్వరును ఎవరైనను ఆపి మరల నడిపినచో వచ్చిన భాగమంతయు వ్యర్థము కావచ్చును. తెలుగు పాఠ్యపుస్తకములు అంగడిలో దొరకని మన సరిహద్దు పల్లెలలో ఇది చిన్న విషయము కాదు. మా బడి పిల్లల కొరకు పాఠముల వీడియోలను దించుచుండగా తుదిదశలో తెగిపోయి, రెండు రోజులు మరల మొదటికి వచ్చిన అనుభవము నాకున్నది.

సర్వరును పునఃప్రారంభింపక తప్పదు. అమరికలు మార్చినపుడును, భద్రతా ధ్రువపత్రము కొత్తది వచ్చినపుడును, లాగు ఫైళ్లను మార్చునపుడును అది అవసరము. చేయు పద్ధతిలోనే భేదమున్నది. అపాచీ సర్వరులో సాధారణ 'రీస్టార్ట్' ఆజ్ఞ పనిచేయుచున్న ప్రక్రియలను వెంటనే చంపివేయును. 'గ్రేస్‌ఫుల్' అను ఆజ్ఞ అట్లు చేయదు. చేతిలోనున్న పని ముగించి తప్పుకొమ్మని పాత ప్రక్రియలకు చెప్పి, కొత్తగా వచ్చువారిని కొత్త ప్రక్రియలకు అప్పగించును. బదిలీయైన పంతులు మొదలిడిన పాఠము పూర్తిచేసి పోవుటయు, తరువాతి పీరియడు కొత్త పంతులు తీసికొనుటయు ఇట్టిదే. 2004లో వెలువడిన ఎన్‌జినెక్స్‌లో 'రీలోడ్' ఆజ్ఞ ఇదే పని చేయును. కొత్త అమరికలలో తప్పున్నచో అది పాతవాటితోనే కొనసాగును. అయినను ముందుగా పరీక్షించి చూచుటయే మంచిది.

ఇక్కడనొక చిక్కు కలదు. ఎంతసేపు వేచియుండవలెను? నత్తనడక కనెక్షను గలవాని కొరకు పాత ప్రక్రియ గంటలకొలది మెమరీని పట్టుకొని కూర్చుండును. అందుచేత 2017లో ఎన్‌జినెక్స్‌లో పాత ప్రక్రియలకు గడువు విధించు ఏర్పాటు వచ్చినది. ఆ గడువు 30 సెకన్లని వ్రాసినవారు నగరపు వేగమును మాత్రమే ఎరుగుదురని నా అభిప్రాయము. లినక్స్‌లోని సిస్టమ్‌డీ కూడ, వేరుగా చెప్పనిచో, ఆపుమన్న సేవకు 90 సెకన్లు మాత్రమే ఇచ్చి పిమ్మట బలవంతముగా ముగించును. కనుక అమరికల మార్పునకు 'రీస్టార్ట్' బదులు 'రీలోడ్' వాడవలెను.

యంత్రమునే ఆపవలసివచ్చినపుడు ఈ ఉపాయములేవియు పనికిరావు. అపుడు రెండవ యంత్రము కావలెను. కొత్తవారిని దానివైపు మళ్లించి, మొదటిదానిలోని డౌన్‌లోడులు ముగిసిన పిమ్మట దానిని ఆపుదురు.

ఇంత చేసినను కరెంటు పోవును, సిగ్నలు పోవును. కావున తెగినచోటునుండి అందుకొను సౌకర్యమే అసలు రక్ష. 'ఇన్ని బైట్లు వచ్చినవి, తక్కినవి ఇమ్ము' అని బ్రౌజరు అడుగగా, సర్వరు 206 అను సంకేతముతో మిగిలిన భాగమును పంపును. ఫైలు మారలేదని తెలియుటకు 'ఈట్యాగ్' అను గుర్తు ఉపయోగపడును. గుర్తు కలియనిచో సర్వరు మొత్తము ఫైలును మొదటినుండి పంపును. అపాచీ 2.4కు ముందటి కూర్పులు ఈ గుర్తులో డిస్కుపైని ఐనోడ్ సంఖ్యను కూడ చేర్చెడివి. అందువలన ఒకే ఫైలు రెండు యంత్రములపై రెండు గుర్తులు పొంది, అందుకొనుట విఫలమయ్యెడిది. 2.4లో మార్పు తేదీ, పరిమాణము మాత్రమే మిగిలినవి. ఆ తేదీ రెండు యంత్రములపై ఒకటిగా ఉండునట్లు చూచుకొనవలెను.

దించుకొనువారు బ్రౌజరులో 'రెజ్యూమ్' నొక్కవచ్చును. లినక్స్‌లో 'డబ్ల్యూగెట్' ఆజ్ఞకు 'సి' గుర్తు చేర్చవచ్చును. నొక్కిన వెంటనే లెక్క సున్నకు వచ్చినచో ఆ సర్వరులో ఈ సౌకర్యము లేదనియో, ఫైలు మారినదనియో గ్రహింపవలెను.