పావులూరి గణితమున రంధ్రశబ్దము

మహావీరాచార్యుని గణితసారసంగ్రహము క్రీ. శ. 9వ శతాబ్దమునాఁటిది. దానిని తెనిఁగించిన పావులూరి మల్లన పేర నొక పద్యము ప్రసిద్ధము. చదరంగపుఁ దొలిగడియం దొక గింజ నుంచి, పిమ్మటి గడులకు రెట్టించుచుఁ బోయిన 64 గడులకుఁ గూడు మొత్తమును అది భూతసంఖ్యలతోఁ జెప్పును. అంకములకు వామగతి గావున, ఒకట్ల స్థానమునుండి కుడియెడమగా నమర్పఁగా 18446744073709551615 వచ్చును.

ఇందు పదిలక్షల స్థానమునఁ గల రంధ్రశబ్దము విచార్యము. రంధ్రమన బెజ్జము గదా యని సున్నగాఁ గొన నవకాశము కలదు. శరీరమున నవద్వారము లుండుటచే గణకులకది తొమ్మిది. నిఘంటువు నడుగక గణితముచేతనే యిది తేలునా? నవశేషపరీక్ష యిట నక్కఱకు రాదు. అంకముల మొత్తము తొమ్మిదియన్న 87, సున్నయన్న 78. రెంటను మిగులునది 6. తొమ్మిదికిని సున్నకును భేద మెఱుఁగని పరీక్ష దీని నెట్లు తీర్చును!

పదునేడు తీర్చును. రెండు యొక్క 8వ ఘాతము 256. ఒకటి తీసిన 255, అనఁగా 15×17. కావున 256ను 17చే భాగింప శేష మొకటి. 64 ఎనిమిదికి గుణిజ మగుటచే 64వ ఘాతమునకును శేష మొకటియే. మొత్తము దానికంటె నొకటి తక్కువ గనుక నిశ్శేషము. సున్నపాఠమున 90 లక్షలు తగ్గి 4 మిగులును. కాఁబట్టి తొమ్మిదియే సాధువు.

ఈ సంఖ్యకు 641యును భాజకమే. రెండు యొక్క 32వ ఘాతమున కొకటి చేర్చినది ప్రధానసంఖ్య యని ఫెర్మా తలఁచియుండఁగా, అది 641చే నిశ్శేషముగా భాగింపఁబడునని 1732లో ఆయిలరు చూపెను.