రాక్షసిబల్లి గుడ్లు – తల్లి ఎవరు?

ప్రాచీన జీవుల చరిత్ర వ్రాసేవారికి ఎముక ఒకటి దొరికితే చాలావరకు పని సులభమవుతుంది. అది ఏ జంతువుదో దాని ఆకారమే చెబుతుంది. గుడ్డు పెంకు ముక్క అటువంటి సాక్షి కాదు. తాను గుడ్డునని మాత్రం చెబుతుంది. తన తల్లి పేరు చెప్పదు. ఈ మౌనం వలన ఒక జంతువు సుమారు డెబ్బది సంవత్సరాలు దొంగ అన్న నింద మోసినది.

1859లో ఫ్రాన్సు దేశంలో, పిరనీస్ పర్వతసానువులలో, పూయెష్ అనే క్రైస్తవ మతాచార్యుడు కొన్ని పెంకు ముక్కలను కనుగొన్నాడు. వాటి పరిమాణాన్ని బట్టి అవి మహాపక్షుల గుడ్లని తలచినాడు. ఆనాటికి రాక్షసిబల్లులు గుడ్లు పెట్టేవన్న సంగతికి ప్రత్యక్ష నిదర్శనం లేదు.

1923లో అమెరికను ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాల పక్షాన రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ నాయకత్వంలో ఒక బృందం మంగోలియాలోని గోబీ ఎడారిలో అన్వేషణ సాగించినది. అక్కడి ఎఱ్ఱని కొండచరియలలో పొడవైన గుడ్లు గూడుతో సహా బయటపడినవి. ఆ ప్రాంతమంతటా ప్రొటోసెరటాప్స్ అనే శాకాహారి ఎముకలు సమృద్ధిగా ఉన్నవి. కనుక గుడ్లు దానివే అనుకొన్నారు. ఒక గూటిపై పండ్లు లేని ముక్కుగల వేరొక జంతువు అస్థిపంజరం కనిపించగా, అది గుడ్లు దొంగిలించ వచ్చి మరణించినదని భావించినారు. 1924లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బర్న్ దానికి ఓవిరాప్టర్, అనగా గుడ్లు అపహరించేది, అని నామకరణం చేసినాడు. ఆ పేరు దాని స్వభావం విషయంలో మనలను పొరబడజేయవచ్చునని ఆయనే హెచ్చరించినాడు. లోకం పేరును గ్రహించినది, హెచ్చరికను మరచినది.

పెంకును పరీక్షించి నిజం తేల్చవచ్చును కదా అని శ్రోతలు అడుగవచ్చు. పెంకును పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని క్రింద చూస్తే, సున్నపు స్ఫటికాలు పేర్చుకొన్న తీరు, గాలి పోయే సన్నని రంధ్రాలు, పైభాగపు బుడిపెలు కనిపిస్తవి. వీటివలన గుడ్డు ఏ పెద్ద కుటుంబానికి చెందినదో ఊహింపవచ్చును. కాని సన్నిహిత బంధువుల పెంకులు ఒకే తీరుగా ఉంటవి. ఒకే గుడ్డులో మొన దగ్గర ఒక మందము, నడుమ వేరొక మందము ఉండవచ్చు. భూమిలోని నీరు యుగాల తరబడి పెంకును కరగించి, మరల స్ఫటికం కట్టించి, అసలు రూపాన్ని చెరపవచ్చు. అందుచేత శాస్త్రజ్ఞులు గుడ్లకు ప్రత్యేకంగా పేర్లు పెట్టి, తల్లి పేరు ఖాళీగా వదలుతారు.

ఆ ఖాళీని నిస్సందేహంగా పూరింపగలది గుడ్డులోని పిండమే. 1993లో మార్క్ నోరెల్ బృందానికి మంగోలియాలోని ఉఖా టోల్గోడ్‌లో, ప్రొటోసెరటాప్స్‌వని నమ్మిన రకపు గుడ్డులోనే, ఓవిరాప్టర్ కుటుంబపు పిండం దొరికినది. మరుసటి సంవత్సరం ఆ విషయం ప్రకటింపబడినది. తరువాత ఆ కుటుంబపు జంతువులే ముందుకాళ్లు చాచి గుడ్లను పొదుగుతున్న భంగిమలో శిలలై కనిపించినవి. దొంగ అనుకొన్నది నిజానికి గూటిని కాచుకొన్న జంతువు! ప్రొటోసెరటాప్స్ గుడ్ల పెంకు తోలువలె మెత్తనిదని 2020లో తెలిసినది. కాని శాస్త్రనామాల నియమం ప్రకారం మొదటి పేరే నిలుస్తుంది. నింద తొలగినా పేరు తొలగలేదు.

మన దేశంలోను ఈ సమస్య ఉన్నది. గుజరాతులోని ఖేడా ప్రాంతంలోను, మధ్యప్రదేశ్‌లో నర్మదా లోయలోను రాక్షసిబల్లుల గూళ్లు దొరికినవి. ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు పరిశీలించినట్లు 2023లో ప్రకటించినారు. వాటిలో పిండాలు లేవు. అర్జెంటీనాలో పిండాలతో లభించిన గుడ్ల పెంకులతో పోల్చి, ఇవి టైటనోసార్ అనే పొడవు మెడ శాకాహారులవని నిర్ణయించినారు. పెంకుల రకాలు ఆరు. కాని ఏ రకం ఏ జాతిదో చెప్పగల ఆధారం ఆ గూళ్లలో లేదు.

ప్రక్కన దొరికినంత మాత్రాన ఎముక గుడ్డుకు తల్లి కాదు, దొంగా కాదు. గోబీ గూడు నేర్పిన ఈ పాఠాన్ని నర్మదా లోయలో పనిచేసేవారు మరువలేదు. అందుకే అక్కడి గుడ్లకు కుటుంబం పేరు చెప్పి, తల్లి పేరు చెప్పక ఆగినారు.