తెర జాతకం రాసిపెట్టిన యూనిక్స్

కర్సర్‌ను ఐదో వరుసలో, పదో గడిలో నిలబెట్టాలి. పని అంతే. లియర్ సీగ్లర్ కంపెనీ ఏడీఎం-3ఏ టెర్మినల్‌కైతే ఎస్కేప్ కోడ్, సమానం గుర్తు, డాలర్ గుర్తు, మూసే బ్రాకెట్ వరసగా పంపాలి. డాలర్ ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ యంత్రం సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి ఐదో వరుస 4. దానికి 32 కలిపితే 36. ఆస్కీ పట్టికలో 36 అంటే డాలర్. అలాగే పదో గడి 9, దానికి 32 కలిపితే 41, అది మూసే బ్రాకెట్. డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100కి ఇదే మాట చెప్పాలంటే ఎస్కేప్ తర్వాత చదరపు బ్రాకెట్, 5, సెమీకోలన్, 10, చివర హెచ్ అక్షరం. ఒకదానికి పంపాల్సింది రెండోదానికి పంపితే తెరంతా చెత్త అక్షరాలు.

ఆ రోజుల్లో టెర్మినల్ తయారుచేసిన ప్రతి కంపెనీదీ ఒక యాస. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో వీఐ ఎడిటర్ రాస్తున్న బిల్ జాయ్‌కి ఈ తలనొప్పి నేరుగా తగిలింది. ఆయన ఇంటి నుంచి పనిచేసింది 300 బాడ్ మోడెమ్ మీద. అంటే సెకనుకు 30 అక్షరాలు. 24 వరుసలు, 80 గడుల తెర నిండాలంటే నిమిషం దాటుతుంది. అందుకే తెరంతా తిరగరాయకుండా, మారిన చోటికే కర్సర్‌ను పంపి అక్కడే దిద్దాలి. ఎలా పంపాలో మాత్రం యంత్రయంత్రానికీ వేరు.

1978లో ఆయన ఎంచుకున్న దారి నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం. టెర్మినళ్ల సంగతులను ప్రోగ్రామ్‌లోంచి బయటికి తీసి, టర్మ్‌క్యాప్ అనే మామూలు అక్షరాల ఫైల్లో రాసిపెట్టారు. ఒక్కో యంత్రానికి ఒక పద్దు, ఒక్కో గుణానికి రెండక్షరాల పేరు. కర్సర్ కదలికకు సీఎం, తెర తుడవడానికి సీఎల్. వాడేవారు తమ టెర్మినల్ పేరును టర్మ్ అనే వేరియబుల్‌లో చెబితే, ప్రోగ్రామ్ ఆ పద్దు తీసి చదువుకుంటుంది. కొత్త యంత్రం వస్తే ఎడిటర్‌ను ముట్టుకోనక్కర్లేదు, పద్దు ఒకటి చేరిస్తే చాలు.

ఈ చిట్టాలో బలాలతో పాటు లోపాలూ నిజాయితీగా నమోదయ్యాయి. హేజెల్టైన్ టెర్మినళ్లకు టిల్డా గుర్తే ఆజ్ఞకు మొదలు, కాబట్టి దాన్ని తెర మీద చూపలేవు. అదే వీఐకి ఫైలు అయిపోయాక వచ్చే ఖాళీ వరుసల గుర్తు! ఆ లోపానికీ ఒక పేరు పెట్టి రాశారు. కొన్ని యంత్రాల్లో మాటను మెరిపించాలంటే ఆ ఆజ్ఞే తెర మీద ఒక గడి తినేసేది. ఎన్ని గడులు తింటుందో అంకె వేశారు. తెర తుడిచాక యంత్రం ఊపిరి పీల్చుకోవడానికి ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో కూడా పద్దులోనే ఉంది. వీటీ100కి ఒక అలవాటుంది: 80వ గడిలో అక్షరం పడినా కర్సర్ వెంటనే కింది వరుసకు దూకదు, అంచునే ఆగి తర్వాతి అక్షరం కోసం చూస్తుంది. ఈనాటి టెర్మినల్ ప్రోగ్రామ్ ఎక్స్‌టర్మ్ ఆ అలవాటును కావాలనే పాటిస్తోంది, దాని పద్దులోనూ ఆ గుర్తు ఉంది.

వీఐలోని కర్సర్ నడక తెలివిని కెన్ ఆర్నాల్డ్ విడదీసి కర్సెస్ లైబ్రరీ చేశారు, రోగ్ ఆట దాని మీదే నడిచింది. టర్మ్‌క్యాప్ ఫైలు పెరిగేకొద్దీ వెతకడం ఆలస్యమయ్యేది, రెండక్షరాల పేర్లూ ఇరుకైపోయాయి. 1981-82లో బెల్ ల్యాబ్స్‌లో మేరీ ఆన్ హోర్టన్ టర్మ్‌ఇన్ఫో తెచ్చారు. ఇందులో ఒక్కో టెర్మినల్‌కు ఒక్కో కంపైలైన ఫైలు. పేరు మొదటి అక్షరాన్ని బట్టి ఫోల్డర్లు. ఇవాళ లినక్స్‌లో దాన్ని చదివిపెట్టేది ఎన్‌కర్సెస్. పావెల్ కర్టిస్ రాసిన పీకర్సెస్ నుంచి 1993లో జయ్ద్ బెన్-హలీమ్ మొదలుపెట్టిన ఆ పనిని థామస్ డిక్కీ ఏళ్ల తరబడి మోస్తున్నారు.

మొన్న ఒక పాత సర్వర్‌లోకి వెళ్లి ఎడిటర్ తెరవబోతే, ఈ టెర్మినల్ ఎవరో తెలియదంది. నా టెర్మినల్ కొత్తది, ఆ సర్వర్‌లో దాని పద్దు లేదు. నా యంత్రంలో ఇన్ఫోకంప్ ఆజ్ఞతో పద్దును అక్షరాల్లోకి దింపి, అక్కడికి పంపి, టిక్‌తో కంపైల్ చేశాను. ఎడిటర్ మళ్లీ తెరిచాను. కర్సర్ పైన ఎడమ మూల కుదురుగా నిలబడింది.