గడప దాటిన కుక్క, తడిసిన పడక

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో కుక్క చోటు చాలాకాలం గడప బయటే: గొర్రెల మంద పక్కన, కళ్లం దగ్గర, వాకిట్లో. నిద్రలో దానికి మూత్రం కారినా మట్టే పీల్చుకునేది, ఎవరి కంటా పడేది కాదు. అందుకే ఇలా నిద్రలో మూత్రం కారడం కొత్త జబ్బనిపిస్తుంది. నిజానికి కొత్తవి రెండు: ఇంట్లో కుక్కకు పడక, దానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. వీధికుక్కలకు ఈ రెండోదాన్ని దేశమంతటికీ పద్ధతిగా చేసినవి 2001 నాటి నిబంధనలు. ఆపరేషన్‌లో అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి, మూత్రాన్ని ఆపే కండరం కొన్ని ఆడకుక్కల్లో వదులవుతుంది. కుక్క లేచి వెళ్లాక గోనెపట్టా మీద అరచేయంత తడి, తోక కింద అంటుకుపోయిన వెంట్రుకలు. పాపం, దానికా సంగతే తెలియదు.

ముసలితనమే కారణమంటారు. వయసు పాత్ర ఉంది గానీ నడివయసు ఆడకుక్కల్లోనూ ఇది కనిపిస్తుంది. అలాగని ఆపరేషన్‌నే తప్పుపట్టలేం. అది లేకుంటే గర్భసంచికి చీము పట్టి ప్రాణం పోవచ్చు, ఈ మూత్రం కారడం మాత్రం చాలావరకు మందుకు లొంగుతుంది. 1938లో ఇంగ్లండులో చార్లెస్ డాడ్స్ అనే శాస్త్రవేత్త బృందం తయారుచేసిన కృత్రిమ ఈస్ట్రోజెన్ స్టిల్‌బెస్ట్రాల్‌ను దీనికి చాలాకాలం వాడారు. తర్వాత ఫినైల్‌ప్రొపనోలమైన్, ఈస్ట్రియోల్ అనే మందులు వచ్చాయి. మందు మొదలుపెట్టే ముందు మూత్రపరీక్షతో ఇన్ఫెక్షన్, షుగర్ లేవని తేల్చుకోవాలి. కొట్టడం, నీళ్లు మాన్పించడం మటుకు వైద్యం కాదు, హింస. ఈ రాయలసీమ ఎండల్లో దాహంతో ఉంచితే కుక్క ప్రాణానికే ముప్పు.