మెత్త నుండి గద్దె దాకా: దిండు వాచకాల అర్థపరిణామం

ఎన్నికలలో గెలిచిన పక్షం గద్దెనెక్కిందని తెలుగు పత్రికలు రాస్తాయి. ఓడిన పక్షం గద్దె దిగిందంటాయి. మేడారం జాతరలో సమ్మక్క గద్దె మీదికి వచ్చిందని భక్తులు చెప్పుకొంటారు. ఈ వాడుకలలో ఎక్కడా దూది లేదు, మెత్తదనం లేదు. కాని ఈ మాటకు సోదరరూపంగా కనిపించే హిందీ గద్దీ నేటికీ రెండర్థాలను మోస్తున్నది. అది కూర్చునే మెత్తటి పరుపు, సింహాసనం కూడ. మరాఠీ గాదీ కూడ అంతే: ఇంట్లో పడుకునే పరుపూ అదే, రాజు అధిష్ఠించే స్థానమూ అదే. తెలుగు గద్దెలో మిగిలింది స్థానం మాత్రమే.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. గద్దెనెక్కడం అధికారానికి రావడమైనప్పుడు, తలగడనెక్కడం ఎందుకు కాలేదు? దిండు, తలగడ, మెత్త, బాలీసు, కుషన్ అనే మాటలు ఇంటి గడప దాటలేదు. గద్దె, మస్నదు మాత్రం కొలువుకూటం చేరుకున్నాయి. మెత్తని వస్తువులను చెప్పే మాటలలో కొన్నింటికే ఈ ఆరోహణ ఎందుకు లభించిందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. శరీరం పేరుతోనో వస్తువు గుణం పేరుతోనో ఏర్పడిన మాటలు ఉపశమనం వైపు, ఆనుకొనే చోటును చెప్పే మాటలు అధికారం వైపు అర్థవిస్తృతి పొందాయన్నది ఇందులోని ప్రతిపాదన.

నామకరణంలోని మూడు పద్ధతులు

దిండు వాచకాలు ప్రధానంగా మూడు విధాలుగా ఏర్పడ్డాయి. మొదటిది అవయవాన్ని బట్టి పేరు పెట్టడం. తెలుగులో తలగడ, కన్నడంలో తలెదింబు, తమిళంలో తలైయణై అన్నీ తలతోనే మొదలవుతాయి. యూరపు భాషలలోనూ ఈ పద్ధతి బలంగా ఉన్నది. ఫ్రెంచిలో దిండును చెప్పే ఒరెయే అనే మాటకు మూలం చెవిని చెప్పే ఒరెయ్. స్పానిష్ అల్మొహాద అరబ్బీ మిఖద్దా నుండి వచ్చింది. దాని ధాతువులో ఖద్ద్ అంటే చెక్కిలి. లాటిన్‌లో మెడ కింది దిండు సెర్వికాల్, మోచేతి కింది దిండు కుబితాల్. ఒకటి మెడ పేరు నుండి, మరొకటి మోచేయి పేరు నుండి ఏర్పడ్డాయి.

ఇంగ్లీషు కుషన్ పుట్టుకను కూడ ఈ నేపథ్యంలోనే చూడాలి. ఈ మాట ప్రాచీన ఫ్రెంచి నుండి ఇంగ్లీషులోకి వచ్చిందన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. అంతకుముందటి మూలం గురించి రెండు వాదాలున్నాయి. తుంటిని చెప్పే లాటిన్ కొక్స నుండి కొక్సీనుమ్ అనే రూపం ఏర్పడి, దాని నుండి వచ్చిందని ఒక వాదం. పరుపును చెప్పే కుల్కిత నుండి వచ్చిందని మరొకటి. ఇంగ్లీషు క్విల్ట్‌కు మూలం కూడ ఈ కుల్కితయే. సెర్వికాల్, కుబితాల్ వరుసను గమనిస్తే మొదటి వాదానికి బలం చేకూరుతుంది. మెడకు, మోచేతికి పేరున్న దిండ్లు ఉన్న భాషలో తుంటికీ ఒకటి ఏర్పడటం సహజం.

రెండవది ఆకారాన్ని, గుణాన్ని బట్టి పేరు పెట్టడం. తెలంగాణలో తలగడకు మెత్త అనే పేరు వాడుకలో ఉన్నది. గుణవాచకమే వస్తువాచకమైంది. తమిళంలో దీనికి దగ్గరి రూపమైన మెత్తై పరుపును చెబుతుంది. ఒకే గుణం ఒకచోట తల కిందికి, మరొకచోట ఒళ్లంతటి కిందికి చేరింది. తెలుగు దిండుకు తోడైన తమిళ తిండు గుండ్రంగా చుట్టిన పెద్ద ఆనుడు దిండును చెబుతుంది. అందులో ఆకారమే ప్రధానం.

మూడవది క్రియను బట్టి పేరు పెట్టడం. పరచేది పరుపు. ఒరగడానికి ఉపయోగపడేది ఒరగుబిళ్ళ. సంస్కృత ఉపధానంలో ఉన్నది ఉంచడం అనే క్రియ. అమరకోశం దీనికి ఉపబర్హమనే పర్యాయాన్నీ ఇచ్చింది. పారశీకం నుండి ఉత్తరాది భాషలకు వచ్చిన తకియాలో ఉన్నది ఆనుకోవడం. దిండు అనే అర్థంతో పాటు ఫకీరు నివాసమనే అర్థం కూడ ఈ మాటకు ఏర్పడింది. దిండు చోటుగా మారడం ఈ మూడవ వర్గంలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

మస్నదు, సన్నదు

మస్నద్ అరబ్బీ మాట. దాని ధాతువు స-న-ద. ఆనుకోవడం దాని మూలార్థం. ఆనుకొనేది గనుక పెద్ద దిండు మస్నద్ అయింది. హిందుస్థానంలోని నవాబులు, రాజులు నేల మీద పరచిన తివాసీపై పెద్ద దిండును ఆనుకొని కొలువుదీరేవారు. క్రమంగా ఆ దిండు పేరే సింహాసనం పేరయింది. మస్నదును అధిష్ఠించడమంటే పాలకుడు కావడమే. ఇంగ్లీషువారు కూడ ఈ మాటను మస్నడ్ అనే రూపంలో ఇదే అర్థంలో తమ భాషలోకి తీసుకున్నారు.

అదే ధాతువు నుండి పుట్టిన మరొక మాట తెలుగు పల్లెలకు బాగా పరిచితం. అది సన్నదు. ఆధారపడదగిన పత్రం గనుక అది సన్నదు. మద్రాసు ప్రభుత్వం 1802 నాటి 25వ రెగ్యులేషన్ ద్వారా శాశ్వత శిస్తు పద్ధతిని ప్రవేశపెట్టి జమీందారులకు ఇచ్చిన హక్కుపత్రం సన్నదే. న్యాయవాదుల అర్హతాపత్రం కూడ సన్నదుగా వ్యవహారంలో ఉన్నది. హదీసుల విషయంలో ఒకరి నుండి ఒకరికి చేరిన సాక్షుల పరంపరను ఇస్నాద్ అంటారు. అదీ ఈ ధాతుజన్యమే. పాలకుడు ఆనుకొనేది మస్నదు, ప్రజ హక్కు ఆనుకొనేది సన్నదు, విద్వాంసుని మాట ఆనుకొనేది ఇస్నాద్. వీపుకు ఆసరా, హక్కుకు ఆసరా, మాటకు ఆసరా ఒకే ధాతువులో ఇమిడాయి. దిండు నుండి అధికారానికి జరిగిన ప్రయాణంలో మెత్తదనం కంటె ఆసరా ప్రధానమనడానికి ఇది ముఖ్యమైన ఆధారం.

అణై, గద్దె

ద్రావిడ భాషలలో ఇందుకు సమాంతరమైన ఉదాహరణ తమిళ అణై. తలైయణైలోని ఉత్తరపదం అణై. సింహాసనాన్ని చెప్పే అరియణైలోని ఉత్తరపదమూ అదే. పూర్వపదం తల అయితే అది పడకగది వస్తువు. సింహాన్ని చెప్పే అరి అయితే రాజచిహ్నం. ఉత్తరపదం చోటును చెప్పగా, దాని గతిని నిర్ణయించింది పూర్వపదం. అవయవం పేరు చేరిన సమాసం శరీరం దగ్గరే ఆగిపోయింది.

కన్నడంలో గద్దిగె, గద్దుగె అనే రూపాలు ఆసనాన్ని, సింహాసనాన్ని చెబుతాయి. వీరశైవ సంప్రదాయంలో గురువుల సమాధిస్థలాన్నీ గద్దుగె అంటారు. గురువు కూర్చున్న చోటు ఆయన అనంతరం కూడ పూజ్యస్థానంగా నిలిచిందన్నమాట. తెలుగులో గద్దెతో పాటు గద్దియ అనే రూపమూ ఉన్నది. ఈ రూపాలు ఏ భాషలో ఉన్నా, కూర్చున్నవారు మారినా, లేకపోయినా చోటు మిగులుతుందన్న భావాన్ని నిలుపుకొన్నాయి.

పదార్థం మారినా స్థానం మారదనడానికి ఇంగ్లండులో ఒక విలక్షణమైన నిదర్శనం ఉన్నది. ప్రభువుల సభలో అధ్యక్షస్థానం ఉన్నితో కూరిన వెడల్పాటి ఎర్రని ఆసనం. దాని పేరు వుల్‌సాక్, అంటే ఉన్నిబస్తా. దీర్ఘకాలం లార్డ్ ఛాన్సలర్ దాని మీద కూర్చునేవారు. 2006 నుండి లార్డ్ స్పీకర్ కూర్చుంటున్నారు. ఛాన్సలర్ పదవికే ఆ బస్తా పేరు పర్యాయమైంది. 1938లో పరిశీలించినప్పుడు అందులో ఉన్నది ఉన్ని కాదని, గుర్రపు వెంట్రుకలని తేలింది. తరువాత కామన్వెల్త్ దేశాల నుండి తెచ్చిన ఉన్నితో మళ్ళీ నింపారు. లోపల ఉన్ని లేని కాలంలోనూ దాని గౌరవానికి లోటు రాలేదు.

దేవతల ఆసనం

రాజుల కంటె ముందు దిండు దేవతలకు దక్కింది. అథర్వవేదం 15వ కాండలో వ్రాత్యుని కోసం సిద్ధం చేసిన ఆసందిని వర్ణిస్తూ, పైన పరిచేది వేదంగానూ, దిండు బ్రహ్మంగానూ భావించడం కనిపిస్తుంది. అక్కడ వాడిన మాట ఉపబర్హణం.

రోములో క్రీ.పూ. 399లో తెగులు వ్యాపించినప్పుడు ఆరుగురు దేవతల ప్రతిమలకు మూడు పాన్పులు పరచి ఎనిమిది రోజులు విందు జరిపారు. ఈ కర్మకు లెక్తిస్తెర్నియుమ్ అని పేరు. దేవతల పాన్పును పుల్వీనార్ అనేవారు. దానికి మూలం దిండును చెప్పే పుల్వీనుస్. ఇంగ్లీషు పిల్లో కూడ ఈ పుల్వీనుస్ సంతతే. తరువాతి కాలంలో అగస్టస్ రథపందేల మైదానమైన సిర్కుస్ మాక్సిముస్‌లో పుల్వీనార్‌ను కట్టించాడు. దేవతల దిండు పేరు చక్రవర్తి ఉత్సవాలను తిలకించే కట్టడానికి అన్వయించింది. మాట మీద దూది జాడ అప్పటికే చెరిగిపోయింది.

మేడారం గద్దెను ఈ వెలుగులో చూస్తే దాని విశిష్టత బోధపడుతుంది. రెండేళ్ళకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమి వేళ కన్నెపల్లి నుండి సారలమ్మను, చిలకలగుట్ట నుండి కుంకుమభరిణ రూపంలో సమ్మక్కను కోయ పూజారులు గద్దెలకు చేరుస్తారు. చివరిరోజున దేవతలు వనప్రవేశం చేస్తారు. ఇక్కడ గద్దె సింహాసనం కాదు. అది దేవత వచ్చి వెళ్ళే చోటు. రాజకీయ వ్యవహారంలో గద్దె ఎక్కడం, దిగడం గెలుపోటములు. మేడారంలో రావడమూ, వెళ్ళడమూ రెండూ పండుగే. రాజవాచకంగా మారిన మాటకు ఇది సమాంతరమైన మరో జీవితం.

అవరోహణ: దివాను, కుర్చీ

ఎదురు దిశలో నడిచిన మాటలను కూడ గమనించాలి. దివాన్ మొదట పట్టీ, లెక్కల పుస్తకం. ఖలీఫాల కాలంలో సైనికుల జీతాల పట్టీకి ఆ పేరుండేది. తరువాత ఆ లెక్కలు చూసే కచేరీ, పాలకుని సభ, ఆదాయ వ్యవహారాల మంత్రి ఈ మాటకు అర్థాలయ్యాయి. 1765లో ఈస్టిండియా కంపెనీకి బెంగాలు, బీహారు, ఒరిస్సాల దివానీ దక్కింది. హైదరాబాదులో మొదటి సాలార్‌జంగ్ 1853 నుండి 1883 దాకా దివానుగా ఉన్నారు. తెలుగు జమీందారీలలో ప్రభువు నివాసం, కచేరీ దివాణమయ్యాయి. తురుష్క సభామందిరాలలో గోడల వెంట పరచిన మెత్తటి ఆసనాలకు సభ పేరే వచ్చింది. యూరపు భాషలు ఆ అర్థాన్ని స్వీకరించాయి. నేడు తెలుగు ఇళ్ళలో దివాన్ అంటే ముందుగదిలోని మంచం. దివాణం, దివాన్ ఒకే మాట రెండు దారులలో తెలుగుకు చేరిన రూపాలు. గద్దె మెత్త నుండి అధికారానికి పోగా, దివాన్ అధికారం నుండి మెత్తకు వచ్చింది.

కుర్చీ ప్రయాణం ఇంకా విచిత్రం. అరబ్బీ కుర్సీకి ఆసనంతో పాటు సింహాసనమనే అర్థమూ ఉన్నది. తెలుగులో అది ప్రతి ఇంటి వస్తువైంది. మళ్ళీ కుర్చీలాట, కుర్చీ కోసం పోటీ అనే వాడుకలలో పదవిగా పైకి లేచింది. గట్టి ఆసనాలకూ ఈ గతి ఉన్నదని పీఠం, పీట చెబుతాయి. ఒకే మాట తత్సమరూపంలో మఠాన్ని, ఆచార్యపదవిని చేరింది. తద్భవరూపంలో వంటింట మిగిలింది. అధికారం మెత్తదనాన్ని అనుసరించదు, చోటును అనుసరిస్తుందనడానికి ఈ జంట చాలు.

కుషన్ గతి

కుషన్ తెలుగులో ముందుగా కుర్చీకి, సోఫాకు, వాహనం సీటుకు వేసే మెత్తగా స్థిరపడింది. ఇంగ్లీషులో దాని విస్తృతార్థాలు వేరే దిశలో సాగాయి. బిలియర్డ్స్ బల్ల అంచున బంతి తాకిడిని గ్రహించి తిప్పికొట్టే రబ్బరు పట్టీ కుషన్. కష్టకాలంలో నష్టాన్ని తట్టుకొనే నిల్వసొమ్మూ కుషనే. క్రియగా వాడితే దెబ్బ తీవ్రతను తగ్గించడమని అర్థం. తుంటి పేరుతో పుట్టిందన్న వాదాన్ని అంగీకరిస్తే, ఈ మాట ఎంత దూరం పోయినా శరీరాన్ని మరువలేదని చెప్పవచ్చు. దాని అర్థాలన్నీ దెబ్బ తగలకుండా కాచేవే. తెలుగు ఆర్థిక రచనలు కుషన్‌ను ఈ అర్థంలోనే తీసుకుంటున్నాయి.

ముగింపు

తలగడ, మెత్త, కుషన్ ఒక వర్గం. మస్నదు, అణై, గద్దె మరొక వర్గం. మొదటి వర్గం మనిషి దేహానికి సేవ చేస్తుంది. రెండవ వర్గం మనిషిని ఒక చోట నిలుపుతుంది. ఈ భేదాన్ని గుర్తించకుండా దిండు, తలగడ, మెత్త, బాలీసులను ఒకే వరుసలో పర్యాయాలుగా చూపే నిఘంటువు వాటి పుట్టుకలోని వైవిధ్యాన్ని కోల్పోతుంది. మెత్తను మాండలికమని పక్కన పెడితే, గుణం వస్తువుగా మారిన తీరుకు తెలుగులో ఉన్న సజీవసాక్ష్యం మరుగున పడుతుంది. గద్దెకు సింహాసనమని మాత్రమే అర్థమిస్తే మేడారం గద్దె నిఘంటువు బయటే మిగిలిపోతుంది. ప్రజలు ఎన్నుకున్నవారిని కూడ గద్దెనెక్కించే భాష రాచరికపు అర్థాన్ని ఇంకా మోస్తున్నది. అదే భాషలో, ఆదివాసుల ఆచారంలో, వచ్చినవారు తిరిగి వెళ్ళవలసిన చోటు కూడ గద్దెయే. ఈ రెండు అర్థాలనూ పక్కపక్కన నమోదు చేసినప్పుడే ఆ మాట చరిత్ర సమగ్రమవుతుంది.